నిండు మాత్ర

మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ మోగుతోంది, మళ్ళీ ఎత్తడు. ఆఖరికి ఆ ఒడియా ఆవిడ గొంతు వచ్చి, మీరు పిలిచిన మనిషి పలకడం లేదని, పేరంటానికి పిలుస్తున్నంత తీపిగా చెప్పి ఊరుకుంటుంది. పుణ్యవతి మళ్ళీ నొక్కింది. బరంపురం బస్టాండులో ఇచ్ఛాపురం బస్సు ఇంకా కదల్లేదు, డ్రైవరు కింద నిలబడి పాన్ నములుతూ ఎవడితోనో ఇకిలిస్తున్నాడు. వాడికేం పోయింది, వాడింట్లో ఎవరూ పొద్దున్నే రెట్టింపు మందు మింగి, పరగడుపున, మొగలి డొంకల్లోకి పోలేదు కదా. ఖాళీ పూలబుట్ట కాళ్ళ దగ్గర, గ్లూకోజు పొట్లం ఒళ్ళో, ఫోను చెవి దగ్గర. గిరిసోల ఇక్కణ్ణించి గంట కూడా పట్టదు. రోజూ ఈ దారిన కునుకు తీస్తూ పోయే మనిషికి ఇవాళ ఆ కాస్త దూరం ఎలా గడుస్తుందో తెలియడం లేదు. ఎత్తు మావా, ఒక్కసారి ఎత్తి తిట్టు, మాటిమాటికీ ఎందుకే పీకుతావని తిట్టు, అంతే చాలు.

ఇందాకటి దాకా లోకం బాగానే ఉంది. శ్రావణం కదా, మొగలిపూలు బడాబజారులో పెందలాడే అయిపోయాయి. ఆ హుషారులో చవక మందుల షాపుకు వెళ్ళింది, పక్కింటి రామతులసికి బీపీ మాత్రలు తేవాలి. షాపాయన పాఢీబాబు ముక్కు చివరికి జారిన కళ్ళజోడు పైనుంచి చూసి, "మావుసీ, మౌసా కెమితి అఛంతి?" అన్నాడు, మీ ఆయన ఎలా ఉన్నాడని. బాగానే ఉన్నాడయ్యా, పొద్దున్న కాస్త చెమటలు పట్టాయంతే అంది. ఆయన చేతిలోని మాత్రల రేకు బల్ల మీద పెట్టేశాడు. "అధా దేఉఛ తొ?" అన్నాడు, అధా ఇస్తున్నావు కదా అని. ఆమెకు నవ్వొచ్చింది. మొన్నటి మాటే మళ్ళీ అంటున్నాడు, మంచివాడు, జనానికి నాలుగు డబ్బులు మిగిలితే తనకే మిగిలినట్టు సంబరపడతాడు. "ఔనయ్యా, ఆదాయే. మీ పున్నెమాని సేనా ఆదా అవతంది," అంది. ఆయన నవ్వలేదు. రెండు బొటనవేళ్ళూ దగ్గర పెట్టి, కనిపించని అగ్గిపుల్లను విరిచినట్టు పుటుక్కున విరిచాడు. "అధా, మావుసీ. అధా." ఆ విరిచిన వేళ్ళను చూసేసరికి ఆ మాట ఆమెకు ఒడియాలో వినపడింది.

బస్సు కదిలింది. హమ్మయ్య అనుకుంది, అంతలోనే ఇంకో పదిమంది కోసం గేటు దగ్గర ఆగింది. వీళ్ళ జిమ్మడ. అధా అంటే సగం, ఆ మాట తనకు తెలియదా? పుట్టింది గంజాం జిల్లాలో, మెట్టింది గంజాం జిల్లాలో, ఒడియా వాళ్ళతో ఒడియాలో బేరమాడి, ఒడియాలో పోట్లాడి, ఒడియాలో దీవెనలు పెట్టిన నోరు. కూరగాయల దగ్గర అధా కిలో అనకుండా ఒక్క వారం గడిచిందా? మరి మొన్న ఎందుకు వినపడలేదు? ఎందుకంటే మొన్న ఆయన తెలుగు మాట్లాడాడు, అదీ కొంప ముంచింది. కొత్త మందు కదా, ఈమెకు బాగా అర్థం కావాలని పాపం ఎంతో మర్యాదగా, పళ్ళు రాలగొట్టుకున్నట్టు ఒక్కో ముక్కా కూడబలుక్కుని తెలుగులో చెప్పాడు. "మావుసీ, దీంట్లో అధా. రోజూ అధా. మర్చిపోవద్దు." తెలుగు కదా అని ఈవిడగారు తెలుగు చెవి ఒగ్గింది. దీంట్లో ఆదా, రోజూ ఆదా. అవును మరి, కంపెనీ పేరున్న మందుకీ దీనికీ ధరలో సగానికి సగం తేడా ఉంటే ఆదా కాక ఏమవుతుంది? ఒడియాలో చెప్పి ఉంటే ఒడియా చెవితో వినేది, బాగుపడేది. డాక్టరు రాసిన బలం మా దగ్గర లేదమ్మా, దానికి రెట్టింపు ఉన్నదే వచ్చింది, విరిచి సగం ఇవ్వమని కదా నేను చెప్పింది అని ఇవాళ ఆయన తల పట్టుకున్నాడు. ఆమె ఇంటికి పోయి మొగుడితో ఏం చెప్పింది? పాత మాత్రలాగే రోజూ ఒకటి అని చెప్పింది. తన నోటితో తనే చెప్పింది.

ఏం చెప్పాడు పాఢీబాబు, గ్లూకోజు పొట్లం చేతిలో పెడుతూ? షుగరు ఎక్కువైతే నెమ్మదిగా తింటుంది, పడిపోతే ఆగదు అన్నాడు. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, తాగినవాడిలా తూలతాడు, మాట తడబడుతుంది, తర్వాత పిలిచినా పలకడు అన్నాడు. తిండి తినకుండా ఉంటే మరీ ప్రమాదం అన్నాడు. ఇన్ని రోజులూ ఏమీ కాలేదు కదా బాబూ అని ఆశగా అడిగితే, ఇన్ని రోజులూ కడుపులో ఏదో ఒకటి పడి ఉంటుంది, ముందు ఫోను చెయ్యి అన్నాడు. ఇవాళ పడలేదు. ఇవాళ తొలి బస్సు అందుకోవాలన్న ఆత్రంలో ఆమె పొయ్యే వెలిగించలేదు. రాత్రి నీళ్ళు పోసిన పఖాళ అన్నం కుండలో ఉంది, తినిపో అంటే, "పూలు వాసన పోకముందే కొయ్యాల, వచ్చేక తింటాన్లే," అని అప్పయ్య దోటి భుజాన వేసుకున్నాడు. మాత్ర ఏసుకున్నావా అంటే ఏసుకున్నాను అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మెడ మీద చెమట కనిపించింది, వాన ముందర ఉక్క కదా అనుకుంది. ఉక్క! కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని ఉక్క అనుకున్న ఈ కళ్ళను ఏం చెయ్యాలి?

గాంధీనగరం, గోసాణినువాగాం, అన్నీ వెనక్కి పోతున్నాయి. హైవే ఎక్కింది బస్సు. వాన తుంపర మొదలైంది, కండక్టరు కిటికీ అద్దం లాగమన్నాడు, ఆమె లాగలేదు, గాలి ఆడకపోతే తనకే ఏదో అయ్యేట్టుంది. మొగలి డొంక అంటే పెరటి మొక్క కాదు. మనిషెత్తుకు రెట్టింపు లేచి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఆకు ఆకుకీ రెండు పక్కలా రంపపు పళ్ళు. లోపలికి పోయిన మనిషి పది అడుగుల అవతల ఉన్నా బయటికి కనపడడు. వాసనకి పాములొస్తాయంటారు, అప్పయ్య నవ్వేవాడు, పాములకి ముక్కు ఉంటే ముందు నీ వంటింట్లోకే వచ్చును అనేవాడు. అందులో పడితే ముళ్ళ మీదే పడతాడు. లేవబోతాడు, చేతులు వణుకుతాయి. ఒలే పుణ్యా అంటాడా, లేక మాట తడబడి ఏమంటున్నాడో తనకే తెలియదా? దారిన పోయేవాడు చూసినా, పొద్దున్నే పట్టించాడు వెధవ అనుకుని పోతాడు. తాగడయ్యా, ఆయన తాగడు, పెళ్ళయ్యాక ఒక్కనాడు తాగలేదు, అది మత్తు కాదు, నేను పెట్టిన మందు అని ఎవరు చెబుతారు అక్కడ? తల్లీ బుధి ఠాకురాణీ, వచ్చే జాతరకి ఘటం ఎత్తుకుంటాను, చెప్పుల్లేకుండా నడుస్తాను, నా పసుపుకుంకాలు నిలబెట్టు. ఎత్తవేం మావా!

చవక అని ఎగబడింది ఎవరు? తనే. ఊరంతటికీ ముందు తనే. షుగరు అని తెలిసిన రోజు నుంచి అప్పయ్య మందులు అతనే కొనుక్కునేవాడు, ఊళ్ళో రోడ్డు మీది మెడికల్ షాపులో. ఆ గుడ్డసంచీ మేకుకు వేలాడేది, ఆమె ముట్టేది కాదు. మందు మాట ఎత్తితే చాలు అతను మొహం గంటు పెట్టుకునేవాడు, కూలి డబ్బులు మాత్రల్లో పోసుకుంటున్నానన్న సిగ్గు. నిరుడు పాదంలో మొగలి ముల్లు దిగి పుండు పడి ఎన్నాళ్ళకీ మానకపోతే ఈమధ్యే బరంపురం పెద్దాసుపత్రికి పోయారు. డాక్టరు కాగితాలు చూసి, ఈ మందుకు ఇంత షుగరు ఉండకూడదే అని కసిరి, పథ్యం చెయ్యవా ముసలాయనా అని కసిరి, మందు పెంచాడు. పెంచిన మందు ధర చూసి అప్పయ్య ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడే కదా ఎవరో చెబితే పాఢీబాబు షాపు వెతుక్కుంటూ పోయింది. మందు అదే, పెట్టె మీద పెద్ద పేరు లేదు అంతే అని ఆయన చెబితే, తాను కనిపెట్టినట్టు వీధి వీధీ చెప్పుకు తిరిగింది. ధర సగమైతే బలం సగమే ఉంటాది, తెలుసుకో అని రామతులసి మూతి విరిస్తే, నీకు డబ్బు చేదు వదినా అని ఎకసెక్కం చేసింది. చివరికి రామతులసి కూడా లొంగింది. ఇప్పుడు ఆ రామతులసికే ఫోను చెయ్యాలి. గొళంత్రా దాటేదాకా చెయ్యలేకపోయింది. ప్రాణం మీదికొచ్చినా పరువు వెనక్కి లాగుతుంది, ఇంత నీచమైనదా మనిషి మనసు అని తనను తాను అసహ్యించుకుంటూ నొక్కింది.

"ఏటే, బస్సెక్కినావా? నా మాత్రలు తెచ్చినావా?"

"తెచ్చినాను వదినా. మా మావ ఇంటికాడ ఉన్నాడేటో ఒక్కపాలి సూడు."

చెప్పుల చప్పుడు, కోళ్ళను అదిలించడం, మళ్ళీ గొంతు. "తలుపు గొళ్ళెం ఏసుంది. కుండ మీద మూత అలగే ఉంది, తిన్నట్టు నేదు. ఏటైనాదే? గొంతు అదోలా ఉంది?"

ఏమీ లేదనబోయింది. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే అంతా చెప్పేసింది, అధా సంగతి, ఆదా సంగతి, చెమటల సంగతి. తిడుతుందనుకుంది, తిడితే బాగుండును.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెల్సు గదా, డొంకల్లోకి ఎల్లనేను. మగోళ్ళందరూ పనుల్లోకి పోనారు, ఎవులైనా కనపడితే అంపుతాను," అంది రామతులసి. ఫోను పెట్టబోయి మళ్ళీ అంది. "పుణ్యవతీ, కోపగించుకోకు. నా మాత్రలు ఆ షాపుకే తిరిగి ఇచ్చీ. నాకొద్దు."

అంతే. అప్పయ్యకు ఏదైనా అయితే ఆ వీధిలో ఇంకెవరూ ఆ షాపు గడప తొక్కరు. కొనగలిగినన్నాళ్ళు ఖరీదు మందు కొని, కొనలేని నెల మానేసి, మళ్ళీ పడిపోయి... కానీ ఆ దిగులు ఇప్పుడు తనది కాదు, ఊరు ఎలా పోతే తనకెందుకు, ఆ మనిషి ఒక్కడు ఉంటే చాలు. ఎంత మంచి చేద్దామనుకుంది! ఎంత గొప్పలు పోయింది! పుండు మానుతోందని మొన్ననే సంబరపడ్డారు ఇద్దరూ, దీపం ముందు పాదం పెట్టుకుని చూసుకున్నారు, అంచులు ఎర్రబడి చర్మం దగ్గరికొస్తోంది, చూశావా నా మందు మహిమ అని ఈమె, చూశాను లేవే డాక్టరమ్మా అని అతను. మానుతున్న పుండుతో పోతాడా మనిషి? పోతారు, ఎందుకు పోరు. చావుకు ముందు దీపం వెలిగినట్టు వెలుగుతుందంటారు. ఛీ, పాడు నోరు, పాడు మనసు, ఇదేమి ఆలోచన. సుర్లా రోడ్డు దగ్గర బస్సు ఆగింది. ఒక ముసలమ్మ రెండు కోళ్ళతో దిగుతోంది, ఒక్కో మెట్టూ ఆలోచించి దిగుతోంది. దిగవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను దిగు. పక్కసీటాయన ఈమె వణుకుతున్న చేతులు చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగానే ఉంది అని తలూపింది. వణుకు, చెమట, మాట రాకపోవడం, అన్నీ తనకే ఉన్నాయి. ఆ మందు తనే మింగినట్టుంది.

గిరిసోలలో బస్సు పూర్తిగా ఆగకముందే దూకింది. కండక్టరు వెనకనుంచి ఏదో అరిచాడు, బుట్ట బస్సులోనే ఉండిపోయింది. రోడ్డు దాటి, రైలుపట్టా దాటి, పొలం గట్టెక్కింది. నాట్లు వేసిన మళ్ళలో నీళ్ళు, గట్టు జారుతోంది, చెప్పులు బురదకు వదిలేసింది. చీర మోకాళ్ళకు ఎగదోపి పరుగెత్తింది, ఈ వయసులో ఇలా పరుగెత్తడం ఎవరైనా చూస్తే నవ్వుతారన్న ధ్యాస కూడా రాలేదు. ఏరు ఒడ్డున మొగలి డొంకలు వానకు నల్లగా ఉన్నాయి. మావా! అని అరిచింది. కొంగలు లేచాయి గానీ మనిషి పలకలేదు. మావా! డొంక మొదట్లో గోనెసంచీ ఉంది, సగం నిండిన పూలతో. దాని పక్కన దోటి నేల మీద పడి ఉంది. దోటి ఎప్పుడూ నేల మీద పడెయ్యడు, కొక్కెం మొద్దుబారుతుందని కొమ్మకు ఆనిస్తాడు. సంచీ మీద కండువా, కండువాలో ఫోను. ఆమె చేతిలోది నొక్కితే అది మోగింది. అంతసేపూ ఎవరూ లేనిచోట మోగిన ఫోను అది. పుణ్యవతి ఇక అరవలేదు, డొంకలోకి చేతులు పెట్టేసింది, ఆకులు మోచేతుల దాకా గీసేస్తున్నా తెలియలేదు.

"ఒలమ్మ, ఆ పక్కనుంచి దూరతావేటి, ముళ్ళు! ఏటే, ఏటైనాది?"

వెనక నుంచి. ఏట్లో మొహం కడుక్కుని, లుంగీ ఎగగట్టుకుని, నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు అప్పయ్య. ఆమె పోయి అతన్ని పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా, చెయ్యి తడిమింది, నుదురు తడిమింది, నాలుక చాపు అంది, నా పేరేటి సెప్పు అంది. పొట్లం పళ్ళతో చింపి గుప్పెడు గ్లూకోజు అతని నోట్లో పోసేసింది. అతను ఉక్కిరిబిక్కిరై దగ్గి సగం ఆమె మీదే ఊశాడు.

"మతి పోయిందేటే! సుగరోడికి సక్కెర పోత్తావా?"

"తూలు వస్తందా? సెమటలు పడతన్నాయా? నిజం సెప్పు మావా, నా మీద ఒట్టు."

"ఉక్కకి పడవా సెమటలు? ముందు ఊపిరి తీసుకో."

ఆమె చెప్పింది. ఊపిరి తీసుకోకుండానే చెప్పింది. అది రెట్టింపు మందు మావా, సగం ఇవ్వమన్నాడు, నేను నిండు మాత్ర ఇవ్వమన్నాడనుకున్నాను, నిన్ను చేతులారా చంపుకునేదాన్ని, రోజూ నిండు మాత్ర మింగించాను. అప్పయ్య కళ్ళు చికిలించి వింటూ వింటూ, చివరికి వచ్చేసరికి కిసుక్కున నవ్వాడు. దొంగతనం దొరికినా శిక్ష తప్పిన పిల్లవాడి నవ్వు అది. సంచీ దగ్గరికి పోయి, కండువా ముడిలోంచి చిన్న కాగితం మడత తీసి చూపించాడు. అందులో అర మాత్ర ఉంది, అడకత్తెరతో నీటుగా కోసిన అర మాత్ర.

"నిండుది ఎవులు మింగినారే? సగం ఇయ్యాల, సగం రేపటికి. నువ్వు తిడతావని సెప్పనేదు."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు ఆమెకు. రెండూ చేసింది. రెండు చేతులతో అతని ఛాతీ మీద బాది, అక్కడే తల ఆనించి నవ్వింది, ఒళ్ళంతా తేలికైపోయి, ఎముకలు లేనట్టు నవ్వింది. పిసినారితనానికి దణ్ణం పెట్టుకున్న మొదటి పెళ్ళాం తనే అయి ఉంటుంది. ఠాకురాణి తల్లి ఎంత గడుసుది, ఏ దొంగబుద్ధి రూపంలో వచ్చి కాపాడిందో చూడు. అప్పయ్యకూ హుషారొచ్చింది, తన తెలివి తనకే నచ్చింది.

"అయినా ఈ మందు గట్టిదే, పుణ్యా. రామతులసికి సెప్పు, బలం నేదంది గదా. సగానికే ఎంత బాగా పన్జేస్తంది! అరికాళ్ళ మంటలు తగ్గినాయి, పుండు మానతంది. పాత మందు సగం ఏసుకుంటే ఇంత బాగునేదు."

నవ్వు ఇంకా ఆమె నోటి మీదే ఉంది.

"పాత మందు సగమేటి?"

"మరి ఎప్పుడూ అంతే గదే. సుగరొచ్చిన కాడ్నుంచి నిండు మాత్ర ఏనాడు మింగినాను? మనకి అందే ధరేటి అది?"

వాన తుంపర అతని తల మీద పడుతోంది. ఈ అర మాత్ర సగం కాదు. రెట్టింపు మందులో సగం, అంటే డాక్టరు రాసిన నిండు మాత్ర ఇదే. షుగరు వచ్చాక ఇన్నేళ్ళలో ఈ పదిపన్నెండు రోజులే అతనికి మందు సరిగ్గా అందింది. డాక్టరు కసిరింది పథ్యం చెయ్యనందుకు కాదు, పుండు మాననిది ముల్లు చెడ్డదై కాదు. ఏసుకున్నావా మావా అని రోజూ అడిగేది, ఏసుకున్నాను అనేవాడు, ఆ మాట విని హాయిగా పనుల్లో పడేది. ఇవాళ ఈ బస్సులో భయంతో సగం చచ్చింది, భయపడవలసిన ఏళ్ళన్నీ మాత్రం గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. ఇన్నేళ్ళు లోపల ఏమేమి తిన్నదో ఆ జబ్బు, ఎవరికి తెలుసు? ఆమె అతని వంక చూసింది. తలకు పైన ఒక మొగలిపువ్వు, పొత్తి విచ్చి, తెల్లగా, ఇంతదూరం నుంచీ స్పష్టంగా కనిపిస్తోంది. అప్పయ్య దోటి తీసుకుని పైకెత్తాడు. కొక్కెం పువ్వుకు ఇవతల గాలిలో ఆడింది. మళ్ళీ ఎత్తాడు. ఈసారి అవతల ఆడింది. అతను ఆగి, మొహం పైకెత్తి, కళ్ళు దాదాపు మూసుకుని గాలి పీల్చాడు. తర్వాత కొక్కెం తిన్నగా వెళ్ళి పువ్వును పట్టుకుంది.

"మావా," అంది పుణ్యవతి. దగ్గరికి జరిగి మళ్ళీ అంది. "మావా, నీకు కళ్ళు బాగా కనిపిస్తన్నాయా?"

అతను పువ్వు లాగి, తడిమి అందుకుని, సంచీలో వేశాడు.

"పువ్వు కొయ్యడానికి కళ్ళెందుకే?" అన్నాడు. "వాసనుంది గదా."